అమ్మ మోకాలికి రోబో కావాలా? రెండు ఆసుపత్రులు, రెండు మాటలు

రేపల్లె_రమ
అమ్మకు 68 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, కుడిది మరీ. ఎక్స్‌రేలో ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, నాలుగో దశ అన్నారు. ఆరేళ్ళుగా నూనెలు, పట్టీలు, మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. ఇప్పుడు రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా మూలుగుతోంది. వాకిట్లో ముగ్గు మానేసి ఏడాది దాటింది.

గుంటూరులో ఒకచోట మామూలు పద్ధతిలో కాలికి 2 లక్షల 10 వేలు అన్నారు. విజయవాడలో ఇంకోచోట రోబోతో 3 లక్షలు. ఈ 90 వేలు దేనికని అడిగితే అక్కడి కౌన్సెలర్ అమ్మాయి ఫోనులో వీడియో చూపించి, "మనిషి చెయ్యి వణుకుతుందండీ, రోబో చెయ్యి వణకదు" అంది. ఆ మాట విన్న దగ్గర నుంచి అమ్మకు మామూలు ఆపరేషన్ అంటేనే గుండె దడ. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యేమో "డబ్బు నేను పంపుతాను, రోబోయే చేయించు, ఇంకేం మాట్లాడకు" అంటాడు.

డబ్బు లేక అడగడం లేదు. ఆ 90 వేలకు అమ్మ మోకాలికి ఏం ఒరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఆసుపత్రి ప్రకటనలు మాత్రం ఇక్కడ అతికించకండి, ఇంట్లో ఇప్పటికే ఒక కట్ట ఉంది.

ఉలిపికట్టె
ఏమీ ఒరగదు. ఆసుపత్రి వాళ్ళు యంత్రం కొన్నారు, దానికి వాయిదాలు కట్టాలి. మీ అమ్మగారి మోకాలు ఒక వాయిదా.

కూకట్‌పల్లి_కిరణ్
ఉలిపికట్టె గారూ, అలా తీసిపారేయకండి. మా అమ్మకు రెండేళ్ళ క్రితం రోబోతోనే చేయించాం. అదే రోజు సాయంత్రం వాకర్ పట్టుకుని బాత్రూముకు నడిచింది. మూడో రోజు ఇంటికి పంపారు. ఇప్పుడు మూడో అంతస్తు మెట్లు లిఫ్టు చెడిపోయినా ఎక్కుతుంది.

ఏలూరు_ఇల్లాలు
మా అత్తగారికి 2009లో మామూలు పద్ధతిలోనే చేశారు, రెండు కాళ్ళకీ. ఆవిడకు ఇప్పుడు 81. నిన్న పెళ్ళిలో నాకంటే ముందు భోజనాల దగ్గరకు చేరింది. అప్పుడు రోబో అన్న మాటే లేదు మరి.

లెక్కల_మాస్టారు
కిరణ్ గారి అమ్మగారిదీ, ఏలూరు అత్తగారిదీ పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. ఒక్కొక్క కాలుతో సూత్రం కట్టలేం. వందల కాళ్ళు కావాలి, సగం అటూ సగం ఇటూ చీటీ వేసి పంచాలి, పదేళ్ళు ఆగి చూడాలి. అలాంటిది ఒకటి జరిగింది కూడా. దక్షిణ కొరియాలో 65 లోపు వయసు వారి మీద చేసి, సగటున 13 ఏళ్ళు వెంటబడి చూసి, 2020లో అచ్చు వేశారు. రోబోతో చేసినవాళ్ళకూ మామూలుగా చేసినవాళ్ళకూ నొప్పిలో, నడకలో, కీలు మన్నికలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఉలిపికట్టె
విన్నారుగా. కేసు కొట్టేశారు.

ఎముకల_వైద్యుడు
కొట్టేయకండి, ఇంకా వాదనలే మొదలు కాలేదు. మాస్టారు చెప్పిన కొరియా అధ్యయనం నిజమే. కానీ అందులో వాడింది పాత తరం యంత్రం. 1992లో అమెరికాలో తుంటి ఆపరేషన్‌తో మొదలైన రోబోడాక్ అది. ఇప్పటివాటి పని తీరు వేరు. ఇప్పటివాటికి అంత పొడవైన లెక్క ఇంకా చేతికి రాలేదు, అదీ నిజమే.

నేను రెండు పద్ధతుల్లోనూ చేస్తాను కనుక దేన్నీ అమ్ముకునే అవసరం లేదు. మోకాలు మార్చడం అంటే మోకాలు ఊడదీయడం కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగాన 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం కోసి, పైన కోబాల్ట్ క్రోమ్ అనే మిశ్రలోహపు తొడుగు, కింద లోహపు పళ్ళెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క అమరుస్తాం. పిప్పిపన్ను మీద టోపీ పెట్టినట్టే. కిటుకంతా ఆ కోత ఏ కోణంలో పడాలి, కాలు చాచినప్పుడూ మడిచినప్పుడూ రెండు పక్కల లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీలు, సమానంగా బిగిశాయా అన్న దగ్గర ఉంటుంది.

మామూలు పద్ధతిలో తొడ ఎముక మధ్యలో మూలుగ ఉండే గొట్టంలోకి ఒక పొడవాటి కడ్డీ దూర్చి, దాన్ని ఆధారం చేసుకుని కోణం కుదురుస్తాం. రోబోలో ఆ కడ్డీ ఉండదు. రెండు ఎముకలకూ రెండేసి పిన్నులు బిగించి వాటికి గుర్తులు తగిలిస్తాం, కెమెరా వాటిని కనిపెట్టుకుని ఉంటుంది. కొన్ని యంత్రాలకు ఎముక మీద ఒక్కొక్క చుక్కా తాకి చూపించాలి, ఒక్కో ఎముకకు నలభై దాకా. అప్పుడు ఎముక ఆకారం తెరమీదికి వస్తుంది. రంపం తాకక ముందే, ఈ కోత కోస్తే లోపలి పక్క ఎంత ఖాళీ, బయటి పక్క ఎంత అన్నది అంకెల్లో కనిపిస్తుంది. ఒక డిగ్రీ అటో ఇటో జరుపుకుని, అప్పుడు కోస్తాం. నాకు నచ్చేది ఇదే.

చెయ్యి వణుకు అన్నది శుద్ధ అబద్ధం. మామూలు పద్ధతిలోనూ రంపం లోహపు గాడిలోనే నడుస్తుంది, గాలిలో కాదు.

బోడిగుండు
ఈ చర్చలోకి రావడానికి నాకంటే అర్హుడు ఎవరూ లేరు. మోకాలికీ నాకూ పూర్వం నుంచి ముడి ఉంది.

రేపల్లె_రమ
బోడిగుండు గారూ, వారం రోజుల తర్వాత ఇప్పుడే నవ్వాను. డాక్టరు గారూ, మరి రోబో తానే కోస్తుందా? అమ్మ భయమంతా అక్కడే. మధ్యలో కరెంటు పోతే ఏమిటి గతి అంటోంది.

ఎముకల_వైద్యుడు
యంత్రాన్ని బట్టి. మాకో, రోసా, కోరి, కువిస్ అని రకాలు ఉన్నాయి. మాకోకు ముందుగా సీటీ స్కాన్ తీయాలి. రంపం రోబో చేతికి అమర్చి ఉంటుంది, నడిపేది సర్జన్. గీత దాటబోతే యంత్రం బిగుసుకుని ఆపేస్తుంది. రోసాలో రోబో గాడిని సరైన చోట కదలకుండా పట్టుకుంటుంది, కోత సర్జన్‌ది. కోరి అయితే చేతిలో పట్టుకుని అరగదీసే చిన్న పనిముట్టు. కువిస్ మాత్రం సర్జన్ ప్రణాళిక ఖాయం చేశాక తానే ఎముకను చెక్కుతుంది, అప్పుడు కూడా ఆపే బొత్తాం మనిషి చేతిలోనే ఉంటుంది. కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది. యంత్రమే మొరాయిస్తే మామూలు పనిముట్ల పెట్టె పక్కనే సిద్ధంగా ఉంటుంది. అందుకే మామూలు పద్ధతి బాగా వచ్చిన చేతికే రోబో అప్పగించాలి. ముందు ఇది అడగండి: "మీరు మామూలుగా ఎన్ని చేశారు?"

ఒక మాట. కీహోల్ ఆపరేషన్ అనుకుని వచ్చేవాళ్ళు చాలామంది. కాదు. మోకాలి మీద కోత ఇంచుమించు అంతే ఉంటుంది. పైగా పిన్నుల గాట్లు అదనం. అరుదుగా ఆ పిన్ను రంధ్రం దగ్గర చీము పట్టడం, ఎముక చిట్లడం కూడా ఉంటాయి. ఇవి వీడియోలో చూపించరు.

నల్లగొండ_నారాయణ
మా నాన్నకు రోబోతోనే చేయించి ఏడాదిన్నర అయింది. ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే చూపించి "గీత గీసినట్టు వచ్చింది చూడండి" అని సర్జన్ మురిసిపోయారు. గీత బాగుంది, కాలు మాత్రం మడవలేరు. రెండు నెలలకు 70 డిగ్రీలు. మళ్ళీ మత్తు ఇచ్చి బలవంతంగా వంచారు. ఇప్పుడు 95. బస్సు ఎక్కాలంటే నేను కింద నుంచి ఎత్తాలి. ఆసుపత్రి పేరు చెప్పను. వాళ్ళ దగ్గర ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు: ఎక్స్‌రే బాగుంది.

ఫిజియో_కరీంనగర్
నారాయణ గారూ, ఎన్ని వారాలు వ్యాయామం చేయించారు? తప్పు పట్టడానికి కాదు. ఎక్కువ మంది దగ్గర కథ అక్కడే తిరగబడుతుంది. మొదటి రెండు వారాల్లో 90 డిగ్రీలు రావాలి, మూడు నెలలకు 110 నుంచి 120. లోపల మచ్చ గట్టిపడ్డాక నేనూ ఏమీ చేయలేను. రోబో వారం రోజులు కూడా మీ ఇంట్లో ఉండదు, నేను ఉండాలి.

నల్లగొండ_నారాయణ
రోజూ చేయించాం అమ్మా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇంటికి మనిషిని పెట్టి. నాన్న పళ్ళు బిగబట్టి చేసేవారు, కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. ప్రతివాళ్ళూ ఇదే అడుగుతారు, చేయించారా అని. కాలు వంగకపోతే తప్పు రోగిది, వంగితే ఘనత యంత్రానిది.

ఫిజియో_కరీంనగర్
మీ కోపం న్యాయమే. అలా అడిగి ఉండకూడదు. అన్నీ చేసినా బిగుసుకుపోయే కాళ్ళు కొన్ని ఉంటాయి, నేను చూశాను. ఆపరేషన్‌కు ముందు నాన్నగారి కాలు ఎంత వంగేది?

నల్లగొండ_నారాయణ
ఎనభై ఉండేదేమో. అప్పటికే గట్టిగా ఉండేది.

ఎముకల_వైద్యుడు
అది పెద్ద కారణం. ముందు ఎంత వంగేదో, తర్వాత ఎంత వంగుతుందో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. ఆ మాట మీకు ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉండాల్సింది. మోకాలు మార్చుకున్నవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడరని ఏనాటి నుంచో లెక్క ఉంది. రోబో దాన్ని తగ్గిస్తుందనే ఆశతోనే వచ్చింది. తగ్గించిందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పే రోజు ఇంకా రాలేదు. కోణాల్లో కచ్చితత్వం పెరిగింది, ఆ మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పగలను. మొదటి కొన్ని వారాల్లో నొప్పి కాస్త తక్కువని కొన్ని అధ్యయనాలు అంటాయి.

చార్మినార్_సలీం
అమ్మీకి మామూలు పద్ధతిలో అయింది, మూడేళ్ళు. నమాజు కుర్చీలో కూర్చుని చేసుకుంటుంది. మొదట్లో చాలా బాధపడింది, మసీదులో ఇమాము గారు "మోకాలు ఇచ్చినవాడికి నీ ఇబ్బంది తెలియదా" అన్నాక కుదుటపడింది. రమ గారూ, మీ అమ్మగారికి నేల మీద కూర్చోవడం గురించి ముందే చెప్పి ఉంచండి. ఆపరేషన్ కంటే అదే కష్టం.

రేపల్లె_రమ
అయ్యో, అది పెద్ద గొడవే. శ్రావణమాసంలో పీట మీద కూర్చోకుండా వ్రతం ఎలా అంటోంది. కలశాన్ని బల్ల మీద పెడితే తాను కుర్చీలో కూర్చోవచ్చుగా అంటే, "అమ్మవారు పైనా నేను పైనా, ఇక కింద ఉండేదెవరు" అంటుంది.

ఏలూరు_ఇల్లాలు
మా అత్తగారు మొదటి ఏడాది అలాగే అన్నారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పేరంటాళ్ళందరికీ ఆజ్ఞలు ఇస్తారు. ఎత్తు నుంచి ఇంకా బాగా కనిపిస్తున్నాం ఆవిడకు.

గోదారి_గట్టు
మా బాబాయి ఆపరేషన్ అయ్యాక కూడా పొలం గట్టున గొంతుక్కూర్చుంటాడు. ఏమీ కాలేదు.

ఎముకల_వైద్యుడు
ఏమీ కాలేదు, ఇంకా. లోపలి ప్లాస్టిక్ మీద బరువు పడి అరుగుతుంది. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి కీళ్ళలో నూటికి 82 దాకా 25 ఏళ్ళు నిలిచాయి. అవి ఎక్కువగా కుర్చీల దేశాల కాళ్ళు. బాబాయి గారికి మంచం, కుర్చీ, పాశ్చాత్య మరుగుదొడ్డి ఈ మూడూ అలవాటు చేయండి.

పాలసీ_పాపయ్య
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. మోకాలి ఇంప్లాంట్ ధరకు ప్రభుత్వం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమ్‌కు అప్పట్లో 54,720, టైటానియం లాంటి ప్రత్యేక లోహాలకు 76,600, పన్ను వేరే. కానీ ఆ పరిమితి లోపల పెట్టే లోహానికే. ఆపరేషన్ గది అద్దె, సర్జన్ రుసుము, రోబో రుసుము వీటికి లేదు. లోహం మీద పోయిన లాభం వేరే వరుసలో వస్తుంది, అర్థమైంది కదా. డిశ్చార్జి రోజు బిల్లులో ఇంప్లాంట్‌ను విడిగా రాయించుకోండి, దాని పెట్టె మీది స్టిక్కరు కేసు కాగితానికి అతికించమనండి. రేపు పదేళ్ళకు ఏ కంపెనీది, ఏ సైజు అని ఎవరైనా అడిగితే ఆ స్టిక్కరే దిక్కు.

బీమా ఉంటే ఇంకోటి. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోబో ఆపరేషన్‌ను బీమా కంపెనీ అసలే ఇవ్వనని అనకూడదు. కానీ ఇంతవరకే ఇస్తానని గీత గీసుకోవచ్చు. ఆ గీత పాలసీ పుస్తకం చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కీళ్ళ మార్పిడికి రెండు మూడేళ్ళ నిరీక్షణ గడువు కూడా చూసుకోండి.

రేపల్లె_రమ
చూశాను పాపయ్య గారూ. పాలసీ నాలుగో ఏడు నడుస్తోంది, గడువు దాటింది. "ఆధునిక చికిత్సలు" అన్న చోట మొత్తంలో సగం వరకే అని ఉంది. మాది 5 లక్షల పాలసీ, అంటే రెండున్నర.

సగం_మీసం
ఆ డల్లాస్ అన్నయ్యను నేనే. స్నేహితుడు ఈ లంకె పంపి "మీ ఇంటి సంగతిలా ఉందే" అన్నాడు. చెల్లాయ్, నా గురించి రాసేటప్పుడు కాస్త మర్యాదగా రాయవచ్చుగా.

బోడిగుండు
అన్నగారు వచ్చారు. మోకాలడ్డకండి, చర్చ సాగనివ్వండి.

రేపల్లె_రమ
నువ్వా! ఉన్నదే రాశాను. "ఇంకేం మాట్లాడకు" అన్నావా లేదా?

సగం_మీసం
అన్నాను. పక్కన ఉండి చూసుకోలేని వాడికి డబ్బు ఎక్కువ పెడితే తప్పు తక్కువైనట్టు అనిపిస్తుంది. అంతకంటే ఏమీ లేదు. డాక్టరు గారూ, మీ అమ్మగారే అయితే ఏం చేస్తారు?

ఎముకల_వైద్యుడు
ఈ ప్రశ్న రోజుకు నాలుగుసార్లు అడుగుతారు నన్ను. ముందు సర్జన్‌ను ఎంచుకుంటాను, తర్వాత ఆయన ఏ పనిముట్టుతో సౌకర్యంగా ఉంటే దానితో చేయమంటాను. సాదాసీదా మోకాలైతే రోబో లేదని నిద్ర మానుకోను. కాలు బాగా దొడ్డికాలుగా వంగి ఉన్నా, తొడ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నా, లోపల పాత లోహం ఉన్నా అప్పుడు రోబో గురించి గట్టిగా ఆలోచిస్తాను. రమ గారూ, అమ్మగారిని నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఒకే పొడవాటి ఎక్స్‌రే తీశారా? ఇంతకుముందు కాలికి దెబ్బ ఏమైనా తగిలిందా?

రేపల్లె_రమ
పొడవుది తీయలేదు. మోకాలి దగ్గరే తీశారు, రెండు చోట్లా. దెబ్బంటే... ఉండండి, అమ్మను అడుగుతాను.

రేపల్లె_రమ
2004లో బాపట్ల దారిలో ఆటో తిరగబడి కుడి తొడ విరిగింది. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. లోపల రాడ్డు వేశారట. తీయించారా అంటే "తీయించమన్నారు కానీ నొప్పి లేదుగా అని ఊరుకున్నాను" అంటోంది. ఎక్స్‌రే మళ్ళీ కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. పై అంచున, ఎముక మధ్యలో, తెల్లగా వేలి గోరంత కొస ఒకటి కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అది ఫిల్ము మీద మచ్చ అనుకున్నాను.

ఎముకల_వైద్యుడు
అదే రాడ్డు కొస. నేను మొదట చెప్పింది గుర్తుందా, మామూలు పద్ధతిలో కడ్డీ దూర్చేది సరిగ్గా ఆ గొట్టంలోకే. అక్కడ ఇప్పటికే ఒకరు కాపురం ఉంటున్నారు. రాడ్డు తీసేసి చేయాలి, అంటే ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయిన దానితో మరో పెద్ద పని. లేదా కడ్డీ అవసరం లేని పద్ధతి: కంప్యూటర్ నావిగేషన్ (రోబో చెయ్యి లేకుండా కెమెరా, తెర సాయంతో కోణం చూసుకోవడం) కానీ, రోబో కానీ. పిన్నులు రాడ్డుకు తగలకుండా ఎక్కడ బిగించాలన్నది కూడా ముందే చూసుకోవాలి. ఇది మీ సర్జన్ స్వయంగా చూసి తేల్చాల్సిన విషయం, నా మాట మీద నిర్ణయం తీసుకోవద్దు. కానీ ఆయన ఈ మచ్చ గురించి ఏమీ అనలేదంటే ఇంకొకరికి చూపించండి.

లెక్కల_మాస్టారు
రెండు ఆసుపత్రుల్లో ఎవరూ ఆ కొస చూడలేదా? రేట్లు మాత్రం పైసాతో సహా చెప్పారు.

ఉలిపికట్టె
సరే, ఈ ఒక్క కాలికి నేను వెనక్కి తగ్గుతున్నాను. ఎడమ కాలికి మాత్రం తగ్గను.

ఎముకల_వైద్యుడు
ఎడమ కాలికి నేనూ మీ పక్షమే.

గోదారి_గట్టు
రెండు కాళ్ళూ ఒకేసారి చేయించేయవచ్చు కదా, ఒకే మత్తు, ఒకే సెలవు.

ఎముకల_వైద్యుడు
గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉంటే చేస్తారు. 68 ఏళ్ళకు, రాడ్డు ఉన్న కాలితో కలిపి, నేనైతే చేయను. షుగర్ ఉందా రమ గారూ? మూడు నెలల సగటు ఏడున్నర లోపు ఉంటే మంచిది. పిప్పిపళ్ళు, మూత్రంలో చీము ఉంటే ముందు అవి బాగు చేయించాలి. కొత్త కీలుకు చీము పడితే ఆ బాధ ముందు ఈ రోబో వాదనంతా దిగదుడుపు.

రేపల్లె_రమ
షుగర్ ఉంది, 8.4. ఉగాదికి బొబ్బట్లు ఎవరు తిన్నారని ఇంట్లో విచారణ నడుస్తోంది.

ఫిజియో_కరీంనగర్
షుగర్ దిగే లోపు ఖాళీగా ఉండవద్దు. మంచం మీద పడుకుని మోకాలు కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి, పది అంకెలు లెక్కపెట్టమనండి. తొడ కండరం ఇప్పుడు ఎంత బలపడితే తర్వాత అంత తొందరగా నడుస్తారు. రోజుకు మూడు పూటలు.

సగం_మీసం
చెల్లాయ్, వీడియో కాల్‌లో నేను లెక్కపెడతాను. అది చేయగలను.

రేపల్లె_రమ
మూడు నెలల తర్వాత వస్తున్నాను. షుగర్ 7.2కి దిగాక, పన్నెండు రోజుల క్రితం కుడి కాలికి అయింది. విజయవాడలోనే మూడో సర్జన్ దగ్గర. ఆయన ఏమీ మాట్లాడకముందే పొడవాటి ఎక్స్‌రే తీయించారు, రాడ్డు మీద పెన్నుతో గీత గీశారు. "తీస్తే విరగవచ్చు, వదిలేద్దాం, రోబోతో చేద్దాం" అన్నారు. అదనం 65 వేలు. మామూలుగా ఎన్ని చేశారని డాక్టరు గారు చెప్పినట్టే అడిగాను. నవ్వి "ఎవరో నేర్పి పంపారు" అన్నారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళినప్పటి నుంచి బయటకు వచ్చేదాకా రెండు గంటలు పట్టింది.

బీమా 2 లక్షల 38 వేలు ఇచ్చింది. పిన్నులు, బ్లేడు, కవర్ల ఖర్చు కొట్టేశారు. స్టిక్కరు అతికించుకున్నాం పాపయ్య గారూ, రెండు ఫోటోలు కూడా తీసి పెట్టాను.

మొదటి మూడు రాత్రులు ఘోరం. ఆ కౌన్సెలర్ చూపించిన వీడియోలో ఆవిడ నవ్వుతూ నడిచిన నడక ఎక్కడిదో తెలియదు. పిక్కకు వాపు వస్తే రక్తం గడ్డ కట్టిందేమోనని స్కాన్ తీశారు, ఏమీ లేదు. తొడ మీద పిన్నుల గాట్లు రెండు ఇంకా నొప్పిగా ఉన్నాయి, కోత కంటే అవే ఎక్కువ అంటోంది. కోత బయటి పక్క అరచెయ్యంత మేర తిమ్మిరి. నిన్న కోతకు కుట్లుగా వేసిన పిన్నులు తీశారు. కాలు 85 దాకా వంగుతోంది. నిలబడితే రెండు కాళ్ళకూ తేడా కనిపిస్తోంది, కుడిది నిటారుగా, ఎడమది ఇంకా విల్లులా.

అమ్మకు నడుము కింద మత్తు ఇచ్చారు, మగతలో ఉంది. బయటకు వచ్చాక మొదటి మాట, "రోబోను చూపిస్తానన్నావు, ఏది?"

నల్లగొండ_నారాయణ
సంతోషం అమ్మా. రేపటికి 90 చేయించండి. నా మాట విని ఆగవద్దు.

రేపల్లె_రమ
చేయిస్తాను నారాయణ గారూ. నాన్నగారికి ఎలా ఉంది?

నల్లగొండ_నారాయణ
వంద దాటింది ఈ నెల. బస్సు తానే ఎక్కారు, రెయిలింగ్ పట్టుకుని. నేను వెనక నిలబడ్డాను, అంతే.

ఫిజియో_కరీంనగర్
వంద! నాన్నగారికి నా తరఫున చెప్పండి. రమ గారూ, వంగడమే చూడకండి, పూర్తిగా చాచడం కూడా రావాలి. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలు గాలిలో వదిలేయాలి, పావుగంట. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది కానీ కాలు అలాగే వంగి బిగుసుకుంటుంది. పెట్టనివ్వకండి.

రేపల్లె_రమ
మడమ కిందే పెడుతున్నాను. నేను గది దాటగానే తువ్వాలు మంచం కింద ఉంటుంది, దిండు మోకాలి కింద ఉంటుంది. అడిగితే అన్నయ్య పెట్టుకోమన్నాడని డల్లాస్ మీదకు తోస్తోంది.